ఇరవై నిమిషాలు ముందున్న గడియారం

పిల్లల అమ్మకి,

ఇంట్లో ముగ్గురం కులాసాగా ఉన్నాం. మీ అక్కయ్య కాలి కట్టు విప్పారని, నీ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని చదివి మనసు కుదుటపడింది. నువ్వు కూడా మధ్యమధ్యలో కాస్త నడుం వాల్చు.

ఫోన్ ఉండగా మళ్ళీ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నా నోట్లోంచి ఊ, ఆ తప్ప ఏమీ రావని నీకు తెలిసిందే. అవైనా పూర్తవకముందే చిన్నోడు లాక్కుంటాడు.

నువ్వడిగినవాటికి వరసగా రాస్తున్నాను. వంట పరవాలేదు. మొదటి వారం అన్నం మాడింది, రెండో వారం ఉడకలేదు, ఇప్పుడు ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో కుదిరింది. చిన్నోడి పై పన్ను ఊడింది. వాడి బూట్లు పట్టడం లేదు. బూట్లు చిన్నవైపోయాయంటాడు తప్ప, తను పెరిగానని ఒప్పుకోడు. ఈమధ్య ఏం అడిగినా ముందుగా "దానికి రెండు కారణాలున్నాయి" అంటున్నాడు. నిన్న పాలు ఒలికించాడు. మొదటి కారణం గ్లాసు జారడమట. రెండోది నేను పిలవడమట. మీ పెద్దదానికి నీ చెప్పులు అతికినట్టు సరిపోతున్నాయి. నువ్వొచ్చాక అవి నీవేనని నువ్వే రుజువు చేసుకోవాలి. గది తలుపు దగ్గరగా వేసుకుని చదువుకుంటోంది. లోపలికి వెళ్ళాలంటే నేను ముందు దగ్గాలి.

ఇక నువ్వు చివర్లో అడిగింది. పరుగు పందెం ఎలా జరిగిందని అడిగితే పెద్దది "బానే జరిగింది" అని ఫోన్ తమ్ముడి చేతికిచ్చేసిందని రాశావు. అది పందేనికి వెళ్ళలేదు. దానికి ఉన్నది ఒకటే కారణం. నేను.

మన గోడగడియారం సంగతి నీకు చెప్పక్కర్లేదు. పెద్దది స్కూలుకి ఆలస్యమవుతోందని ఆరేళ్ళ కిందట నువ్వే ఇరవై నిమిషాలు ముందుకు పెట్టించావు. నెల తిరక్కుండానే అందరం మనసులో ఇరవై తీసేసుకోవడం మొదలుపెట్టాం. చిన్నోడికి తీసివేతలు బళ్ళో కన్నా ముందు ఆ గోడే నేర్పింది.

పందేనికి ముందురోజు సాయంత్రం రిటైరైన డ్రాయింగు మాస్టారు నాకు బాగుచేయడానికిచ్చిన తన టైంపీసు కోసం ఇంటికొచ్చారు. మన గోడ వైపు చూశారు, తన చేతి వాచీ చూసుకున్నారు. "ఏమయ్యా, డాక్టరు ఇంట్లోనే జ్వరమా?" అన్నారు. సరదాకే అన్నారు. కానీ ఎవరిదగ్గరా శిష్యరికం చేయకుండా, పాడైన వాచీలు విప్పుకుంటూ ఈ పని నేర్చుకున్నవాణ్ణి. నా పని మీద ఎవరైనా మాటంటే నాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, స్టూలెక్కి ముల్లు సరిచేశాను. రోజూ రాసుకునే పుస్తకం తీసి, ఆ రోజు బాగుచేసిన వాచీల కింద, "ఇంటి గోడగడియారం, సరైన టైముకి పెట్టాను" అని రాసుకున్నాను. పుస్తకానికి చెప్పాను గానీ ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు.

తెల్లారి ఏడింటికి స్కూలు గేటు దగ్గర బస్సు. గడియారంలో ఆరూ యాభై అయింది. అది నిదానంగా జడ వేసుకుంటోంది. నేను పెరట్లో నీళ్ళు పడుతూ, ఎంత నిబ్బరం దీనికి అని ముచ్చటపడ్డాను కూడా. దాని లెక్కలో అప్పటికి ఆరున్నరే. అలవాటుకొద్దీ నా లెక్కలోనూ అంతే.

ఏడున్నరకి సంచీతో తిరిగొచ్చింది. బస్సు అయిదు నిమిషాలు ఆగి వెళ్ళిపోయిందట. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. నేను అన్నాను, "గడియారాలు బాగుచేసేవాడి కూతురివి. నీకు టైమంటే లక్ష్యం లేదు."

అది గోడ వైపు చూసింది. "ఇరవై తీసేశాను నాన్నా. ఎక్కడో తప్పు తీసినట్టున్నాను" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ముల్లు మార్చింది నేనే. పక్కింటావిడ ముందు తప్పు ఒప్పుకోలేక లోపలికి నడిచాను. దీనికన్నా చెడ్డది తర్వాత చేశాను. అది ముఖం కడుక్కోవడానికి వెళ్ళగానే స్టూలెక్కి, ముల్లు మళ్ళీ ఇరవై నిమిషాలు ముందుకు తోశాను. పుస్తకంలో "పెద్దదానికి బస్సు తప్పింది, నిర్లక్ష్యం" అని రాశాను. పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్న పుస్తకంలో అదే మొదటి అబద్ధం.

నలుగురు పరిగెత్తాల్సిన పందెంలో చివరి వంతు దానిదే. ఒకరు తక్కువయ్యారని జట్టుని దిగనివ్వలేదట. వచ్చే నెల పందేనికి ఆటల మేడం దాని పేరు కొట్టేశారు. సమయానికి రానివాళ్ళు తనకి అక్కర్లేదన్నారట. ఇది నాకు చిన్నోడు చెప్పాడు. అది చెప్పలేదు. నోరు మెదపకపోవడం నా నుంచే వచ్చింది కదా దానికి.

ఇప్పుడు తెల్లారకముందే లేచి, బూట్లు వేసుకుని మంచం మీద కూర్చుంటోంది. "నీ చేతి వాచీలో ఎంతయింది నాన్నా?" అని మూడేసి సార్లు అడుగుతోంది. మొన్న పెన్సిలు చెక్కిపెడదామని దాని పెట్టె తీశాను. లోపల ఒక కాగితం. ఏడులోంచి ఇరవై నిమిషాలు, ఏడుంపావులోంచి ఇరవై నిమిషాలు, అలా కాగితం నిండా తీసివేతలే. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నోటితోనే చెప్పాలని తెలుసు. రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి గది ముందు దగ్గి లోపలికి వెళ్ళి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేశాను. రెండోసారీ ఉప్పు గురించే అడిగాను.

అందుకే ఈ ఉత్తరం. పుస్తకంలో ఆ మాట కొట్టేసి, జరిగింది రాశాను. నా ఉత్తరాల కింద అది నీకు నాలుగు మాటలు రాయడం అలవాటే కదా. ఈసారి కవరు అంటించకుండా, కాగితం మడవకుండా దాని చేతికిస్తాను. రేపు పొద్దున్నే కొట్టు తెరవకముందు స్కూలుకి వెళ్ళి, మేడంతో తప్పు నాదని చెబుతాను. నువ్వు నన్ను ఎన్ని తిట్టాలనుకుంటే అన్నీ తిట్టు. కానీ ముందు దానికో ఉత్తరం రాయి.

ఇట్లు,
ఇంకా దగ్గుతూనే ఉన్న
పిల్లల నాన్న

అమ్మా, చదివాను. రెండుసార్లు. నాన్న ఎదురుగా కూర్చుని ఒకే వాచీ మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. కోపంగానే ఉంది. ఆ తీసివేతల కాగితం మాత్రం చింపేశాను. రేపు స్కూలుకి నాన్నతో నేనూ వెళ్తాను. ఒక్కణ్ణే పంపిస్తే మేడంని కూడా ఉప్పు సరిపోయిందా అని అడిగి వచ్చేస్తాడు.