గంగులు చెప్పిన చోటు

విజయనగరం, ఫిబ్రవరి 3

గంగులు బాబాయికి, అనూరాధ నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ వంశధార ఒడ్డు చిత్తడి పర్రలో దుర్భిణీతో సహా బురదలో కూరుకుపోతే చెయ్యిచ్చి లాగారే, ఆ మనిషిని నేనే. ఫోన్ నంబరడిగితే "ఏట్లో మూడు ఫోన్లు పడిపోనాయి, ఉత్తరం రాయమ్మా, మా దేవి సదువుతాది" అంటూ పక్కన నా దుర్భిణీలోంచి చూస్తున్న మీ అమ్మాయిని చూపించారు. అందుకే ఇది. పిట్టలు ఎక్కువగా ఏ చోట, ఏ వేళ దిగుతాయో చెబుతారా? తెడ్డుమూతి కొంగల కోసం ఆరేళ్ళుగా తిరుగుతున్నాను. బ్యాంకు ఉద్యోగం, ఆదివారం ఒక్కటే సెలవు.

ఇట్లు, అనూరాధ

తా.క. నా ఎడమ చెప్పు ఇంకా మీ బురదలోనే ఉంది.

ఫిబ్రవరి 7

అనూరాధమ్మకి గంగులు రాయించేది.

పిట్టెక్కడో సేపక్కడ. నా వేట సోటు సొంత తమ్ముడికే సెప్పనేదు. దానిమీదే మా ఇంటిల్లిపాదీ బతుకు. నువ్వేటో బూతద్దాలెట్టుకుని, పుస్తకంలో రాసుకుని మరీ అడుగుతన్నావు. నీకు పడవలెన్నమ్మా? ఐనా ఆడకూతురివి, నోరు తెరిసి అడిగినావు. పోటు తగ్గినాక, ఏరు సంద్రంలో కలిసే మొగ కాడ ఇసకదిబ్బ ఎనక్కి ఎల్లు.

ఉంటాను, గంగులు

తా.క. దేవి ఎందుకో నవ్వుతా రాస్తన్నాది. ఏటే అంటే సెప్పదు. నీ సెప్పు దొరికినాది. అందులో పీత కాపరం ఎట్టినాది.

విజయనగరం, ఫిబ్రవరి 17

బాబాయి గారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి!

మొగ దగ్గర ఇసుకదిబ్బ వెనక్కి వెళ్ళాను. ముప్పై రెండు తెడ్డుమూతి కొంగలు! ఏడుపొచ్చేసింది. నాకు పడవా లేదు, వలా లేదు, చేప ముట్టను కూడా. చూస్తాను, రాసుకుంటాను, ఆమదాలవలసలో రైలెక్కి ఇంటికొచ్చేస్తాను. అంతే. మీ మేలు ఈ జన్మకి మరిచిపోను.

కృతజ్ఞతలతో, అనూరాధ

తా.క. పీతను లేపకండి. కొత్త చెప్పులు కొనుక్కున్నాను.

ఫిబ్రవరి 23

తల్లీ,

కొంగల్ని సూసి ఎల్లిపోడానికేనా అంత దూరం రైలెక్కి వచ్చింది! నాకు సిగ్గేసినాది. నిజం సెప్పేస్తన్నాను. నీకు నేను సెప్పిన సవకతోట ఎనక సచ్చుకాలవలో పదేళ్ళుగా సేపన్నది నేదు. నిన్ను తప్పుదోవ పట్టిద్దామనే సెప్పినాను. దేవి నీ ఉత్తరం సదివితే గుండె గుబేలుమన్నాది. అన్ని కొంగలు దిగితే సేప ఉండదేటి? వలట్టుకుని అక్కడికి పరిగెత్తినాను. రెండు బుట్టల పండుగప్పలు! నీ పున్నెమే తల్లీ. ఆదివారం మా ఇంటికి రా, పప్పన్నం ఎడతాం.

నీ బాబాయి, గంగులు

తా.క. అక్కా, ఇది దేవి. నాన్న వల ఆరెయ్యడానికి వెళ్ళాడు. నాన్న చెప్పింది సచ్చుకాలవే. మొగ అని రాసింది నేను. ఆ రోజు దుర్భిణీ నా చేతికిచ్చి చూడమన్నావు కదా, నీకు అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు చూసొచ్చింది నాన్న అసలు వేట చోటు! ఈసారి ఉత్తరంలో చోటు పేరు రాయకు. నాన్నకి పైకి చదివేటప్పుడు ఆ పేరు దగ్గరికి రాగానే దగ్గలేక చస్తున్నాను.