మడమ మీద ఊదా గీతలు

హైదరాబాదు,
9-3-1964

నా గంగామణికి,

పసుపు ధర కనుక్కోవడానికి పట్నం వచ్చానని నీతో చెప్పింది అబద్ధం. ఎముకల దవాఖానలో మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. జబ్బేమీ లేదు, కంగారుపడకు. నా చదును పాదాలకు ఆపరేషన్ చేయించుకుంటున్నాను. ముందు కుడికాలు.

ఎందుకని అడుగుతావు. మన పెళ్లయిన వారానికి నేను స్నానం చేసి తడికాళ్లతో గచ్చు మీద నడిచి వచ్చాను. అందరి అడుగుకూ నడుమ ఖాళీ ఉంటుంది, నాది రొట్టె పరిచినట్టు నిండుగా పడుతుంది. అది చూసి నువ్వు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి లోపలికి పరుగెత్తావు. రెండేళ్లయినా ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది. నువ్వేమో కాళ్లు తుడుచుకుని, తడి ఆరేదాకా గడప దగ్గరే నిలబడే మనిషివి. అంత శుభ్రమైన ఇల్లాలికి నా పాదాలు ఎగతాళి అయ్యాయని చాలా బాధపడ్డాను.

నొప్పి లేకుంటే కోయరని ఎవరో చెప్పారు. అందుకని నడిస్తే ప్రాణం పోతోందని డాక్టరుకు చెప్పాను. ఆయన ఊదా పెన్సిలు తీసి, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నా మడమ మీద గీతలు గీశాడు. "మడమ ఎముకను ఏటవాలుగ కోసి వెనక ముక్కను లోపలికి జరుపుతం. బయటివైపు తోలు కిందనే సన్న నరం ఉంటది, గాటు దాని పక్కకే పెట్టాలె. లోపలివైపు అరికాలికి పోయే నరం, రక్తనాళం జంటగ ఉంటయి. రంపం ఎముక దాటి జర పోయిందనుకో, అరికాలు మొద్దువారుతది. అట్ల అయ్యేది తక్కువనే, కాని చెప్పుడు నా పని" అన్నాడు.

మన కల్లంలో ఉడికించి ఎండబోసిన పసుపు మీద ఉత్తకాళ్లతో నడిచి, ఎండిందో లేదో చెప్పేది నేనే కదా. పచ్చి కొమ్ము మెత్తగా తగులుతుంది, ఎండింది గుచ్చుతుంది. పక్కనున్న బాల్కొండ ఊరి రైతులు కూడా బండి కట్టి నన్ను తీసుకుపోతారు. మొద్దుబారిన కాలుతో ఏం చెప్పగలను? అయినా సరే, నువ్వు నవ్వకుంటే చాలు. పదిహేడో తేదీన కోస్తారు.

నీ రాజేశ్వర్

ఆర్మూరు,
13-3-1964

కోయకముందే మీ పాదాలకు దండం పెట్టి గంగామణి రాస్తున్నది.

మీరు లేరని మామయ్య కల్లం పని మీ బావ ముత్తెన్నకు అప్పజెప్పాడు. ఆయన చెప్పులేసుకుని పసుపు మీద రెండు చుట్లు తిరిగి, "మస్తు ఎండింది, ఫికర్ లేదు, నింపుండ్రి" అన్నాడు. నింపి అమ్మకానికి గంజ్‌కు పంపాం. అక్కడ కొనేవాళ్లు బస్తాలో చెయ్యి పెడితే లోపల తడి, వేడి. బస్తాలన్నీ తిరిగొచ్చాయి, మళ్లీ ఎండబోశాం. అల్లుణ్ని ఏమీ అనలేక మామయ్య ఆయన చెప్పులను తిడుతున్నాడు.

ఇక నా నవ్వు సంగతి. పెళ్లికి ముందు మా అవ్వ ఒకటే చెప్పింది. "తడికాళ్లతోని ఇంట్ల నడవకు బిడ్డా. గా అడుగు చూస్తే, పాదం మంచిది గాదని మల్ల పుట్టింటికి పంపిస్తరు." అందుకే తుడుచుకుని నిలబడేదాన్ని, శుభ్రానికి కాదు. ఆ రోజు గచ్చు మీద మీ అడుగు చూసేసరికి నా గుండె మీది బరువు దిగింది. సంతోషం పట్టలేక నవ్వాను. ఎందుకో చెబితే నా గుట్టు బయటపడుతుందని పరుగెత్తాను. మీరు రెండేళ్లు కుమిలిపోయారంటే తప్పు నాదే.

మాటలతో నమ్మరేమో. కాలికి పసుపు రాసుకుని ఈ కాగితం వెనక తొక్కాను. చూడండి.

మీ గంగామణి

హైదరాబాదు,
16-3-1964

నా గంగామణికి,

నీ ఉత్తరం నర్సు లిదియా తెచ్చి ఇచ్చింది. కాగితం తిప్పి, నిండుగా పడిన ఆ పసుపు అడుగు చూసి వార్డంతా వినపడేలా నవ్వాను. కొంగు లేదు కనుక దుప్పటి అడ్డం పెట్టుకున్నాను.

డాక్టరు వచ్చి చూశాడు. "గీ అడుగు నీదేనా?"

"మా ఇంటామెది సార్."

"ఆమెకు నొప్పి ఉన్నదా?"

"లేదు సార్. నాకు గూడ లేదు."

ఆయన "సుకంగున్న కాలును నాతోని కోయిస్తుంటివి గదా" అని గట్టిగా కోప్పడి, మంచం ఖాళీ చేయమన్నాడు. లిదియా స్పిరిటు పెట్టి రుద్దినా మడమ మీది గీతలు పోలేదు. వాటిని చూసి ఎంతైనా నవ్వుకో.

ఈ ఉత్తరం పట్టుకుని రేపటి బస్సుకు నేనే వస్తున్నాను. ముందు మన పసుపు మీద నడుస్తాను. తర్వాత బావి దగ్గర ఇద్దరం కాళ్లు కడుక్కుందాం. నువ్వు తుడుచుకోకు. మా నాయన చూస్తే చూడనీ, గచ్చు మీద నా పక్కనే నడువు.

నీ రాజేశ్వర్