మా పొట్టిది సారీ చెప్పదు

వదినా,

కోపంతోనే చదవండి, పరవాలేదు. కానీ చివరిదాకా చదవండి. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నారు. పెట్టెయ్యకపోయినా ఈ సంగతి నోటితో చెప్పడం నాకు చేతకాదు. మధ్యలో ఏడుపొస్తుంది, మీరు "ఊరుకో, ఊరుకో" అంటారు, చెప్పాల్సింది చెప్పకుండానే ఊరుకుంటాను. అందుకని గిరాకీ లేని ఈ మధ్యాహ్నం పూట షాపులో కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం మీ ఇంట్లో జరిగింది ఇదీ. అన్నయ్యగారి చిన్నాన్న, పిల్లలందరికీ మేజిక్ తాతయ్య, చెవుల వెనక నుంచి నాణేలు తీస్తూ తీస్తూ మా పొట్టిదాన్ని లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఏడేళ్ళ పిల్ల, చటుక్కున దిగిపోయి, "మీరు నన్ను అడగలేదు. అడిగినా వద్దంటాను" అంది. అందరూ నవ్వారు. ఆయన మళ్ళీ చెయ్యి పట్టుకునేసరికి కెవ్వుమంది. నవ్వులు ఆగిపోయాయి. మీ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆయన మొహం మాడ్చుకున్నారు. మీరు "పెద్దాయన మనసు కష్టపెట్టింది, సారీ చెప్పించు" అన్నారు. చెప్పించనన్నాను. "పిల్లని నెత్తికెక్కించుకుంటున్నావ్" అన్నారు. సగం తిన్న పళ్ళాలు వదిలేసి వచ్చేశాం.

ఆ అడగడమన్నది దానికి నేను పనిగట్టుకుని నేర్పలేదు. బడి అయ్యాక ఈ కళ్ళజోళ్ళ షాపులోనే కదా ఉంటుంది. ఫ్రేము సరిచెయ్యాలంటే మనిషి మొహం ముట్టుకోవాలి, చెవి వెనక వేలు పెట్టి కాడ ఎక్కడ వంచాలో చూసుకోవాలి. "చెవి వెనక చెయ్యి పెడతాను, సరేనా?" అని అడిగి గాని పెట్టను. ముసలివాళ్ళయినా అంతే, మూడేళ్ళ పిల్లలైనా అంతే. వద్దన్న పిల్లల్ని వదిలేస్తాను, కాసేపాగి వాళ్ళే వస్తారు. "నీ అడగడాలు అయ్యేలోపు నలుగురు వచ్చి వెళ్ళిపోతారు తల్లీ" అని మా ఓనరు సణుగుతూనే ఉంటాడు. పొట్టిది మూల స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తూ పెరిగింది. లోకమంతా ఇలాగే అడుగుతుందనుకుంటోంది పాపం.

నేనెందుకు అడుగుతానో మీ తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా మేడ మీద ఒకాయన అద్దెకుండేవాడు. మంచి ఉద్యోగం, మెత్తటి మాట. మా అమ్మ పొద్దున్నే పేపరు చదవడం అయ్యాక నా చేతికిచ్చి "పైన అంకుల్‌కి ఇచ్చిరా" అనేది. ఆయన తలుపు వేసేవాడు. చిన్నపిల్లతో ఏ మనిషీ చెయ్యకూడని పనులు చేశాడు. అంతకంటే రాయను. "మీ అమ్మకి చెబితే నిన్నే తిడుతుంది" అన్నాడు, నేను నమ్మాను. పొద్దున్న లేస్తే కడుపునొప్పి అనేదాన్ని. డాక్టరు నులిపురుగుల మందు రాశాడు. ఎన్ని సీసాలు తాగించారో! అసలు పురుగు మేడ మీద ఉందని పాపం వాళ్ళకేం తెలుసు. లెక్కల్లో ముందుండేదాన్ని, ఆ ఏడు తప్పాను, మొద్దు అని పేరు పడింది. ఆయన ఇల్లు ఖాళీ చేస్తుంటే మావాళ్ళు పిలిచి భోజనం పెట్టి మరీ పంపారు.

ఆయన వెళ్ళిపోయినంత మాత్రాన అయిపోలేదు వదినా. ఇంత వయసొచ్చినా తలుపుకి వీపు పెట్టి కూర్చోలేను. వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. మీ తమ్ముడు సొంతింట్లోకి దగ్గుకుంటూ వస్తాడని, "పెళ్ళామంటే అంత హడలేంట్రా" అని మీరెన్నిసార్లు ఆటపట్టించారు! నేను ఉలిక్కిపడకుండా ఉండాలని దగ్గుతాడు ఆ మనిషి.

మేజిక్ తాతయ్యగారి మీద నేను నింద వెయ్యడం లేదు. ఆయన మంచివారే అయ్యుంటారు. మా మేడ మీదాయన కూడా వీధి వీధంతటికీ మంచివాడే. పిల్లకి మనుషుల మంచీ చెడూ ఎలా తెలుస్తాయి చెప్పండి? దానికి తెలిసేది తన ఇష్టం ఒక్కటే. ఆ ఇష్టాన్ని చెబితే మనమే సారీ చెప్పించామనుకోండి, ఇంకోసారి చెప్పదు. అందుకని పొట్టిది సారీ చెప్పదు. అలా అయితే మీ గుమ్మం తొక్కొద్దంటారా, తొక్కం. నా పురిటికి మీరు చేసిన చాకిరీ మా అమ్మ కూడా చెయ్యలేదు. మీరంటే నాకు ప్రాణం. అయినా సరే చెప్పించను.

మీ మరదలు

*

ఒసేయ్ పిల్లా,

నీ ఉత్తరం చింపేద్దామనే విప్పాను. "గుమ్మం తొక్కం" అన్న ముక్క ముందు కంటబడి ఒళ్ళు మండిపోయింది. తొక్కొద్దని నేనెప్పుడన్నానే? పొయ్యి కట్టేసి మొదట్నుంచీ చదివాను. కడుపునొప్పి దగ్గరికొచ్చి ఆగిపోయాను.

నా కూతురికి ఏడాదిగా ఆదివారం వస్తే చాలు తలనొప్పి. నీ షాపుకే తీసుకొచ్చానుగా, చూపు శుభ్రంగా ఉందన్నావు. పన్నెండేళ్ళొచ్చాయి, పని తప్పించుకోడానికి వేషాలని ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన వచ్చేది ఆదివారాలే.

దాని గదికెళ్ళి, ఎప్పుడూ లేంది, తలుపు తట్టి "రానా?" అన్నాను. అమ్మకేమైందన్నట్టు చూసింది. "ఆదివారాలే నీకు తలనొప్పి ఎందుకొస్తోందే? ఏం చెప్పినా తిట్టను" అన్నాను. దుప్పటి పక్కకి లాగి నాకు చోటిచ్చింది. తర్వాత చెప్పింది. నువ్వు రాయనన్నవి నేనూ రాయను.

"మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అన్నాను.

"చెబుదామనే అనుకున్నా. మొన్న పొట్టిది అరిచినప్పుడు నువ్వేమంటావో చూశా. నువ్వు దాన్నే సారీ చెప్పమన్నావు. ఇంక నేనేం చెప్తాను?" అంది.

చెప్పు తీసుకుని కొట్టినా అంత తగిలేది కాదు. మరి ఇప్పుడెలా చెప్పావని అడిగితే, "అత్తయ్య చెప్పించలేదుగా. అందరూ అన్నా చెప్పించలేదు. నువ్వు కూడా వింటావేమోనని" అంది.

మీ అన్నయ్యగారితో చెప్పాను. "చిన్నాన్నా? నన్ను ఎత్తుకుని పెంచాడే!" అని కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి, "నలుగురికీ తెలిస్తే పరువు..." అని నసిగారు. "పోతే వాడి పరువు పోతుంది, నా కూతురిదెందుకు పోతుంది?" అన్నాను. లేచి దాని గది బయట నిలబడి, "నువ్వు చెప్పింది నమ్ముతున్నానమ్మా" అన్నారు. అప్పటిదాకా కళ్ళు తడవని పిల్ల అప్పుడు భోరుమంది.

ఇంక చిన్నాన్నని ఇంటికి రానివ్వకుండా ఉంటే చాలు కదా అన్నారు ఆయన. చాలదన్నాను. వాడు ఇంకెన్ని ఇళ్ళలో పిల్లల చెవుల్లోంచి నాణేలు తీస్తున్నాడో ఎవరికి తెలుసు? అవును, వాడే. ఇక గారూ లేదు గీరూ లేదు. పోలీసులకి ఫోన్ చేశాను. పిల్లలతో మాట్లాడడానికి ఒక ఆఫీసరమ్మ ఉందట, రేపు పొద్దున మామూలు బట్టల్లో మా ఇంటికే వస్తానంది. వాణ్ణి దీని కంటబడనివ్వరట. నాకు భయంగానే ఉంది. అయినా వెనక్కి తగ్గను.

ఈ ఉత్తరం నా తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. రేపు షాపుకి సెలవు పెట్టి రా, పిల్ల నువ్వు పక్కనుండాలంటోంది. పొట్టిదాన్ని కూడా తీసుకురా. దానికి నేను సారీ చెప్పాలి. నా కూతురి ఎదురుగానే చెప్తాను, అది చూడాలి.

మీ వదిన