లక్ష్మి వేసిన ముడి

శుక్రవారం, హోప్ టౌన్

పొద్దున మా లక్ష్మికి మళ్లీ మూర్ఛ వచ్చింది. తేరుకున్నాక నన్ను చూసింది గానీ "అమ్మా" అనే మాట నోటికి రాలేదు. ఎదిగే మెదడు కదా, ఫిట్స్ తరచూ వస్తే నేర్చుకున్నది నిలవడం కష్టమన్నారు డాక్టరుగారు. వల ముడి వేయడం వాళ్ల నాన్న దానికి ఎన్నిసార్లు మొదటినుంచి నేర్పారో.

సాయంత్రం తనే వెళ్లి చిరిగిన వల ముందు కూర్చుంది. మాటలు ఇంకా తడబడుతున్నాయి, చేతులు మాత్రం ముడులు వేసుకుంటూ పోయాయి. పక్కింటి దీదీ "రహనే దో బేటీ, ఇక చాల్లే, పడుకో" అన్నా లేవలేదు. ఆయన వచ్చి ముడిని గట్టిగా లాగి చూశారు. జారలేదు.

"పక్కాగా ఉందే. రేపు ఈ వలే ఏత్తాను" అన్నారు.

మళ్లీ మూర్ఛ వస్తే ఇదీ మరిచిపోతుందేమో... కానీ నేను వేసిన ముడిని కూడా విప్పి, మళ్లీ తనే వేసుకునే మనిషి ఆయన. లక్ష్మి ముడిని మాత్రం విప్పలేదు.