ఏసీ గదిలో చెప్పులు

బావగారికి,

అక్కా మీరూ కులాసా అని తలుస్తాను. నా సంగతంటారా, నిన్నటినుంచి కడుపు చల్లగా ఉంది.

నేను గైడుగా ఉన్న పాత కంప్యూటర్ల మ్యూజియానికి మీ ఆఫీసు కంప్యూటరు కూడా చేరింది. అదే, చెప్పులు విప్పితే తప్ప ఎవరినీ గుమ్మం దాటనివ్వని మీ ఏసీ గదిలోది. నా చెప్పుల దుమ్ము వల్లే దాని కీబోర్డు పాడైందని పైవాళ్ళకి చెప్పి, మరదలినని కూడా చూడకుండా నా ఉద్యోగం ఊడగొట్టారు.

నిన్న మీ మనవరాలి క్లాసు వచ్చింది. పిల్లలందరి ముందూ ఆ కీబోర్డు విప్పాను. దుమ్ము సంగతి దేవుడెరుగు, మీటల కింద టీ పంచదార పాకంలా గడ్డకట్టి ఉంది.

"చిన్నమ్మమ్మా, కంప్యూటరు మీద టీ ఒలకబోసిన తింగరి మనిషెవరు?" అంది మీ మనవరాలు. క్లాసంతా గొల్లుమంది.

"ఆ గదిలోకి టీ కప్పుతో వెళ్ళే ధైర్యం ఒక్క ఆఫీసరుకే ఉండేదమ్మా. ఆయనెవరో మీ తాతయ్యనడుగు" అన్నాను.

ఈపాటికి అడిగే ఉంటుంది. మీరూ ఒకసారి వచ్చి చూసుకోండి. ఇక్కడ అందరినీ చెప్పులతోనే రానిస్తాం. మీరు మాత్రం బయట విప్పి రావాలి.

మీ మరదలు