తినే చెయ్యి

మంగళవారం, శామీర్‌పేట

తుర్కపల్లి ల్యాబ్ నుంచి వచ్చి క్యాబ్ దిగేసరికే ఒళ్లు హూనమైంది. వాకిట్లో నాయిన ఎడమచేత్తో చేపల వల అల్లుతున్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఇదే మొదటిసారి. ముడులు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి గానీ గట్టిగానే ఉన్నాయి. కుడిచెయ్యి నేర్చుకున్నదాన్ని మెదడు ఎడమచేతికీ అందిస్తుందని ఫిజియోథెరపీ మేడమ్ అన్నది నిజమే.

ఇక అన్నం కూడా తనే తింటాడనుకున్నాను. కంచం ముందు పెడితే, "అది తినే చెయ్యి గాదు బిడ్డా, నువ్వే పెట్టు" అన్నాడు.

విసుక్కుంటూనే పెట్టాను. ఇలా ఎన్నాళ్లో...

ఆయన పడుకున్నాక నేనూ ఎడమచేత్తో ముద్ద కలిపి చూశాను. చెయ్యి సరిగ్గానే నోటిదాకా వచ్చింది. నోరే తెరుచుకోలేదు.