నోరు తెరిచిన అక్షరం

అక్కా,

నీ మోకాళ్ళ నొప్పి సంగతి ముందు అడగాలి. కానీ ఈసారి నా గొడవే ముందు. నవ్వకుండా చదువు.

నూలు మిల్లు ఆడవాళ్ళ మీద నేను రాసిన పుస్తకం గుర్తుంది కదా. పాతికేళ్ళుగా నాకు తిండి పెట్టిందీ, ప్రొఫెసరును చేసిందీ అదే. మిల్లు హాజరు పట్టీలో ఒక్క ఏడాదిలో నలభై ఒక్క మంది పేర్ల పక్కన "వె." అని ఉందనీ, అంటే వెళ్ళగొట్టారనీ, యాజమాన్యానికి ఎదురు తిరిగినందుకేననీ రాశాను. ఇప్పుడు ఒక అమ్మాయి పరిశోధన గ్రంథం పరీక్షకు నా దగ్గరికే వచ్చింది. అది "వె." కాదట, "పె." అట. పెళ్ళి అట! నా వీరవనితలంతా తిరగబడలేదు, కాపురాలకు వెళ్ళిపోయారట.

నిన్న పాత రికార్డుల ఆఫీసుకు పరుగెత్తాను. గుమాస్తా పట్టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇన్నేళ్ళకి గుర్తొచ్చామా సార్?" అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. చిన్నప్పుడు పలక మీద నువ్వే దిద్దించావు, నోరు తెరిస్తే ప, మూసుకుంటే వ అని. నలభై ఒక్క అక్షరాలూ నోరు తెరుచుకునే ఉన్నాయి.

సోమవారంలోగా రిపోర్టు పంపాలి. "అభ్యర్థి అక్షరం తప్పు చదివింది" అని ఒక్క ముక్క రాస్తే ఆ అమ్మాయి నాలుగేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది, నా పరువు నిలుస్తుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ముక్క రాసే పెట్టుకున్నాను. పంపడానికి చేతులు రావడం లేదు.

ఆ పుస్తకం పనిలో ఉన్న వేసవిలో నాకు కామెర్లు వస్తే పట్టీ అంతా ఎత్తి రాసిచ్చింది నువ్వే. ఆ నోటుబుక్కు ఎక్కడో పోగొట్టాను. నువ్వు కూడా "వె." అనే రాశావని ఒక్క మాట చెప్పు. కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

నీ తమ్ముడు

*

కళ్ళజోడూ,

ఏడేళ్ళకే అద్దాలు తగిలించుకున్నవాడివి, ప్రొఫెసరువైనా నాకు కళ్ళజోడువే.

నేను రాసింది "పె." నలభై ఒక్కసార్లూ అదే. పుస్తకం అచ్చయి వచ్చిన రోజే నీ తప్పు చూశాను. నీకు చెబుదామనే అనుకున్నాను. ఈలోగా కృతజ్ఞతల పేజీ కనబడింది. గుమాస్తా ఉన్నాడు, టైపిస్టు ఉన్నాడు, మీ ప్రిన్సిపాలు ఉన్నాడు. నేను లేను. ఒళ్ళు మండి నోరు మూసుకున్నాను. తర్వాత నీకు ఉద్యోగం వచ్చింది, పేరు వచ్చింది. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను? నీ తప్పులో సగం నా కోపానిదిరా.

ఇంకో మాట. ఆ మిల్లులో పెళ్ళయిన పిల్లల పేరు కొట్టేసేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోలేదు, పెళ్ళి పేరు చెప్పి పంపేశారు. ఆ అమ్మాయి ఆ సంగతి రాసే ఉంటుంది. కంగారులో నువ్వు చివరిదాకా చదివి ఉండవు. నేనూ కాలేజీలో చరిత్ర క్లాసులో ఏడు నెలలు కూర్చున్నదాన్నే కదా. అక్కడి రిజిస్టరులో నా పేరు పక్కనా ఆ అక్షరమే ఉండి ఉంటుంది.

నేను తెరిచాను. ఇక నువ్వూ నోరు తెరువు.

మీ అక్క

*

అక్కా,

చివరిదాకా చదివాను. నువ్వన్నట్టే రాసింది, నాకంటే బాగా రాసింది. "గ్రంథం సరైనది, పరీక్షకుడి పుస్తకమే తప్పు" అని రిపోర్టు పంపేశాను. ఆ అమ్మాయి ఫోను చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

కొత్త ముద్రణకు ముందుమాట మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఇది: "ఈ పట్టీని మా అక్క సరిగ్గానే ఎత్తి రాసింది, నేనే సరిగ్గా చదవలేదు." పాతికేళ్ళు ఆలస్యమైంది. క్షమించు.

నిన్న మీ కాలేజీకి వెళ్ళి ఆ ఏడాది రిజిస్టరు తీయించాను. నీ పేరు పక్కన ఏ అక్షరమూ లేదక్కా. పేరు మీద ఎర్ర సిరా గీత ఒక్కటే ఉంది. మిల్లు గుమాస్తానే నయం, కారణమైనా రాశాడు.

నీ కళ్ళజోడు